ప్రోటాన్ మెయిల్‌తో మూడేళ్లు: చిరునామా ఎవరిది, తాళంచెవి ఎవరిది

మెయిల్ సేవను మార్చుకోవాలన్న ఆలోచన నాకు గోప్యత మీది మమకారంతో కలగలేదు. నాకు బాగా తెలిసిన ఒకరి మెయిల్ ఖాతా ఒక ఉదయం మూతపడింది. ఆ ఖాతా పేరు చెప్పనవసరం లేని ఒక పెద్ద కంపెనీది. నిబంధనలను ఉల్లంఘించారన్న రెండు పంక్తుల సందేశం తప్ప కారణమేమిటో ఆయనకు తెలియలేదు. అప్పీలు చేసుకోవడానికి ఒక ఫారం ఉంది గానీ, దాని అవతల చదివే మనిషి ఉన్నాడో లేడో తెలిసే దారి లేదు. పదకొండు రోజుల తర్వాత ఖాతా ఎలా మూతపడిందో అలాగే, ఏ వివరణా లేకుండా, తిరిగి తెరుచుకుంది. ఆ పదకొండు రోజులూ ఆయన తన బ్యాంకు ఖాతాలోకీ, బీమా పత్రాల్లోకీ, ఆఫీసు పనికి కావలసిన మరో నాలుగైదు చోట్లకీ వెళ్లలేకపోయారు. ఎక్కడ పాస్‌వర్డ్ మార్చుకోబోయినా దానికి కావలసిన లింకు వచ్చేది ఆ మూతపడిన చిరునామాకే.

ఆ తర్వాత నా పరిస్థితి ఏమిటో లెక్క వేసుకున్నాను. పాస్‌వర్డులు దాచుకునే చోట చూస్తే, ఒకే ఒక్క మెయిల్ చిరునామాను పట్టుకుని 180కి పైగా ఖాతాలు వేలాడుతున్నాయి. ఆ చిరునామాలో ముందు సగం నా పేరే అయినా, వెనక సగం కంపెనీ పేరు. పదిహేనేళ్లుగా నాదనుకున్నది నిజానికి నాకు వాడుకోవడానికి ఇచ్చిందేనని, ఇచ్చినవారు తీసుకోనూ గలరని అప్పుడు తెలిసివచ్చింది. ఉత్తరాలను తాను కూడా చదవలేనట్లు తాళం వేసి (ఎన్‌క్రిప్ట్ చేసి) దాచే, స్విట్జర్లాండుకు చెందిన ప్రోటాన్ మెయిల్ అనే సేవకు మారి, చందా కట్టి, మూడేళ్లు దానితోనే గడిపిన తర్వాత ఈ సమీక్ష రాస్తున్నాను. చందాదారుగా తప్ప ఆ సంస్థతో నాకు వేరే సంబంధం లేదు.

విడిచి వచ్చిన సేవల గురించి న్యాయంగా ఒక మాట చెప్పాలి. జీమెయిల్ 2004 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు ఒక గిగాబైటు చోటు ఇస్తామంటే చాలామంది దాన్ని ఏప్రిల్ ఫూల్ హాస్యమనుకున్నారు, ఎందుకంటే అప్పటికి హాట్‌మెయిల్ ఇచ్చేది 2 మెగాబైట్లు, యాహూ ఇచ్చేది 4. స్పామ్‌ను ఆపడంలోనూ, పాత ఉత్తరాన్ని క్షణంలో వెతికి తేవడంలోనూ ఆ సేవలు సాధించిన నైపుణ్యం సామాన్యమైనది కాదు. ప్రకటనలను మనిషికి తగ్గట్టు చూపడం కోసం ఉత్తరాలను యంత్రాలతో చదివించడం మానేస్తామని గూగుల్ 2017లోనే ప్రకటించింది కాబట్టి, ‘మన ఉత్తరాలు చదివి మనకు సరుకులు అమ్ముతున్నారు’ అన్న వాదనను ఇప్పటికీ అదే రూపంలో వినిపించడం సరికాదు. అయితే ఆ ఉత్తరాలు కంపెనీ తానై తెరవగలిగిన స్థితిలోనే దాని సర్వర్లలో ఉంటాయన్నది మాత్రం మారలేదు. ఆ వెతుకులాట, ఆ వర్గీకరణ, జవాబు ఎలా రాయాలో సూచించే కొత్త హంగులు, ఇవన్నీ యంత్రం చదవగలుగుతున్నందువల్లే సాధ్యమవుతున్నాయి. ప్రోటాన్‌కు మారాక మనకు దక్కేదీ, మన చేయి జారేదీ రెండూ ఈ ఒక్క విషయం దగ్గరే ముడిపడి ఉన్నాయి.

మారదామనుకున్నాక చూసిన సేవలు ప్రోటాన్ ఒక్కటే కాదు. జర్మనీలోని హనోవర్ నుంచి నడిచే టూటా, 2023 వరకు టూటనోటా అని పిలిచేవారు, సబ్జెక్టు లైనును కూడా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, ఆ ఒక్క విషయంలో ప్రోటాన్ కన్నా మెరుగు. కానీ అది పీజీపీ అనే, వేర్వేరు సేవలవారు కూడా పరస్పరం తాళం వేసిన ఉత్తరాలు రాసుకోవడానికి వీలిచ్చే ప్రమాణాన్ని అనుసరించదు, థండర్‌బర్డ్ వంటి మెయిల్ చదివే బయటి ప్రోగ్రాములతో దాన్ని వాడుకోవడానికి వీలు లేదు. బెర్లిన్‌లోని పోస్టియో నిరాడంబరమైన, మర్యాదస్తురాలి వంటి సేవ, కానీ మన సొంత డొమైన్‌ను (చిరునామాలో @ గుర్తు తర్వాత ఉండే, మనమే కొనుక్కున్న పేరును) దానిలో పెట్టుకోలేము. నాకు అది పనికిరాకపోవడానికి ఆ ఒక్క కారణం చాలు. ఆస్ట్రేలియాలో 1999లో పుట్టిన ఫాస్ట్‌మెయిల్ వాడకంలో అన్నిటికన్నా సుఖంగా ఉంటుందన్నది నా అభిప్రాయం. అది ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్, అంటే రాసినవారూ అందుకున్నవారూ తప్ప మధ్యలో ఎవరూ తీయలేని తాళం, ఇవ్వదు, ఇస్తున్నామని చెప్పుకోదు కూడా. కంపెనీ చదవగలిగినా ఫరవాలేదు, ప్రకటనల వ్యాపారం మీద ఆధారపడకపోతే చాలు అనుకునేవారు ఇక్కడితో చదవడం ఆపి దాన్ని ఎంచుకోవచ్చు. నాకు కంపెనీ కూడా చదవలేని రెండో మెట్టు కూడా ఎక్కాలనిపించింది.

ప్రోటాన్ కథ 2014లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాకేంద్రంలో కలుసుకున్న కొందరు శాస్త్రజ్ఞులతో మొదలైంది. ఆ ఏడాదే 10,000 మందికి పైగా జనం చందాలు వేసుకుని సుమారు 5,50,000 డాలర్లు సమకూర్చారు. ఆహ్వానం ఉన్నవారికి మాత్రమే దొరికిన సేవ 2016 మార్చిలో అందరికీ తెరుచుకుంది. 2024లో ప్రోటాన్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థను నెలకొల్పి, కంపెనీలో ప్రధాన వాటాను దానికి అప్పగించారు. కంపెనీని ఎవరో కొనుక్కుని దారి మళ్లించడం దీనివల్ల కష్టమవుతుంది. ఇలాంటి వివరాలను చందా కట్టేవాళ్లం సాధారణంగా పట్టించుకోము గానీ, మెయిల్ విషయంలో పట్టించుకోవాలి. స్కిఫ్ అనే మరో ఎన్‌క్రిప్షన్ మెయిల్ సేవను 2024 ఫిబ్రవరిలో నోషన్ కంపెనీ కొనుక్కుంది. వాడుకదారులకు ఆరు నెలల గడువు ఇచ్చి దాన్ని మూసేసింది. పెద్ద కంపెనీ నుంచి తప్పించుకోవడానికి చిన్న కంపెనీని ఆశ్రయించినవారు ఏడాది రెండేళ్లకే మళ్లీ మూటాముల్లే సర్దుకోవలసి వచ్చింది.

ఇక ఎన్‌క్రిప్షన్ సంగతి. ప్రచారంలో ఈ మాట ఎంత పెద్ద అక్షరాలతో కనిపిస్తుందో, దాని పరిధి ఎంతవరకో అంత స్పష్టంగా కనిపించదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఖాతా తెరిచినప్పుడు మన బ్రౌజరులోనే ఒక జత తాళంచెవులు తయారవుతాయి. ఒకటి లోకానికి ఇచ్చేది, దానితో ఎవరైనా మనకు రాసే ఉత్తరానికి తాళం వేయవచ్చు. రెండోది మన సొంతం, తీయడానికి అదొక్కటే పనికివస్తుంది. ఆ రెండో తాళంచెవిని మన పాస్‌వర్డుతో బిగించి మరీ సర్వర్లో దాస్తారు, పాస్‌వర్డు మాత్రం సర్వరుకు చేరదు. అందువల్ల సంస్థ ఉద్యోగి కోరుకున్నా, న్యాయస్థానం ఆదేశించినా, దొంగ సర్వరును ఎత్తుకుపోయినా దొరికేది అర్థం కాని గూఢలిపి మాత్రమే. ఫిల్ జిమ్మర్‌మన్ 1991లో విడుదల చేసిన పీజీపీ నుంచి పెరిగిన ఓపెన్‌పీజీపీ ప్రమాణమే దీనికి ఆధారం. అంతకుముందు ఈ తాళంచెవుల వ్యవహారం ఆసక్తి ఉన్న కొద్దిమంది సాంకేతిక నిపుణులకే చేతనయ్యేది. ప్రోటాన్ చేసిన మేలేమిటంటే, దాన్ని మామూలు మనిషికి కనపడకుండా తెరవెనక్కి నెట్టడం.

అయితే ఈ రక్షణ పూర్తిగా వర్తించేది ప్రోటాన్ ఖాతా నుంచి మరో ప్రోటాన్ ఖాతాకు, లేదా పీజీపీ వాడే మరొకరికి రాసే ఉత్తరాలకు మాత్రమే. నేను జీమెయిల్ వాడే మిత్రుడికి రాసిన ఉత్తరం దారిలో టీఎల్‌ఎస్ అనే, ప్రయాణంలో మాత్రమే తాళం వేసే రక్షణలో వెళ్లినా, అక్కడికి చేరాక అక్కడి కంపెనీ చదవగలిగిన ఉత్తరంగానే ఉంటుంది. అతడు నాకు రాసింది నా పెట్టెలోకి వచ్చాక తాళం పడుతుంది గానీ, దాని ప్రతి అతడి ‘పంపినవి’లో తెరిచే ఉంటుంది. నా పెట్టెలోని ఉత్తరాలను వేళ్ల మీద లెక్కపెట్టి చూస్తే, రెండు వైపులా తాళం పడినవి నూటికి ఐదు కూడా లేవు. బయటి చిరునామాలకు పాస్‌వర్డు పెట్టి ఉత్తరం పంపే ఏర్పాటు ఉంది. అందుకున్నవారు ఒక లింకు నొక్కి, మనం ఫోనులో చెప్పిన పాస్‌వర్డు కొట్టి చదువుకోవాలి. గుర్తింపు పత్రాల నకళ్లు, వైద్య నివేదికలు పంపవలసి వచ్చినప్పుడు అది నాకు బాగా ఉపయోగపడింది. కానీ ‘ఎలా ఉన్నారు’ అని రాసిన రెండు వాక్యాలకు కూడా అలా చేస్తే అవతలివారు మనకు రాయడం మానేస్తారు.

సబ్జెక్టు లైను, ఎవరు ఎవరికి ఎప్పుడు రాశారన్న వివరాలు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ కిందికి రావని ప్రోటాన్ తానే చెబుతుంది, ఎందుకంటే ఓపెన్‌పీజీపీ ప్రమాణం ఉత్తరం లోపలి విషయానికే కవచం వేస్తుంది. రహస్యమంతా దాచుకుని సబ్జెక్టు లైనులో ‘ఫలానా పరీక్ష ఫలితం’ అని రాస్తే కవరు మీదే ఉత్తరం రాసినట్లవుతుంది. మూడేళ్లలో నా చేతికి అలవాటైన ఒక చిన్న మార్పు ఇదే: సబ్జెక్టు లైనులో ఇప్పుడు విషయం రాయడం మానేశాను, ‘నిన్నటి మాట’, ‘ఆ కాగితాలు’ అని రాస్తాను. వెతుక్కునేటప్పుడు ఆ అలవాటు నన్నే ఇబ్బంది పెడుతుందనుకోండి.

2021లో జరిగిన ఒక సంఘటనను కూడా ఇక్కడే చెప్పాలి. ఫ్రాన్సు పోలీసుల అభ్యర్థన ఐరోపా దేశాల పోలీసు సహకార సంస్థ యూరోపోల్ ద్వారా స్విట్జర్లాండుకు చేరి, అక్కడి చట్టప్రకారం వచ్చిన ఆదేశం మేరకు, ఒక పర్యావరణ ఉద్యమకారుడి ఖాతాకు సంబంధించిన ఐపీ చిరునామాను (ఇంటర్నెట్‌కు ఎక్కడి నుంచి అనుసంధానమయ్యారో చూపే సంఖ్యను) ప్రోటాన్ నమోదు చేసి అప్పగించింది. ఉత్తరాల్లోని విషయాన్ని ఇవ్వలేదు, ఇవ్వగలిగే స్థితిలోనూ లేదు. కానీ ఐపీ చిరునామాలను నమోదు చేయము అన్న అర్థం వచ్చేలా అంతవరకు వెబ్‌సైటులో ఉన్న వాక్యాన్ని ఆ తర్వాత మార్చుకోవలసి వచ్చింది. స్విట్జర్లాండు చట్టాలు గోప్యతకు అనుకూలమైనవే గానీ, ఏ దేశపు చట్టమైనా చట్టమే. ప్రభుత్వాలకు కంటగింపు అయ్యే పని చేసేవారు మెయిల్ సేవను మార్చినంత మాత్రాన దాక్కున్నట్లు భావించకూడదు. నా వంటి సామాన్య వాడుకదారుకు ఆ సంఘటన వల్ల నమ్మకం తగ్గలేదు, పైగా ఏది దాగుతుందో ఏది దాగదో స్పష్టమైంది.

తాళంచెవి మన చేతికి వస్తే దాన్ని పోగొట్టుకునే స్వేచ్ఛ కూడా మనకే వస్తుంది. ఈ సంగతి నేను చదివి తెలుసుకోలేదు, చేసి తెలుసుకున్నాను. రెండో ఏడాదిలో, జాగ్రత్త ఎక్కువై, పాస్‌వర్డును పొడవైన కొత్తదానితో మార్చి, దాన్ని పాస్‌వర్డుల పట్టికలో భద్రపరచకముందే ఆ కిటికీని మూసేశాను. మిగతా సేవల అలవాటు కొద్దీ ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ అన్నది నొక్కి, ముందే ఇచ్చి ఉంచిన మరో చిరునామా ద్వారా కొత్తది పెట్టుకుని లోపలికి వెళ్లాను. ఖాతా తెరుచుకుంది. లోపల ఉత్తరాల వరస అంతా ఉంది, పంపినవారి పేర్లూ తేదీలూ ఉన్నాయి, కానీ ఏది తెరిచినా చదవడానికి వీల్లేని అక్షరాల గుంపు. పాత తాళంచెవి పాత పాస్‌వర్డుతో బిగిసి ఉంది, ఆ పాస్‌వర్డు లోకంలో ఎక్కడా లేదు. సంస్థకు ఉత్తరం రాసినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే వారు నిజంగానే తెరవలేరు. ఇన్నాళ్లూ నేను మెచ్చుకున్న గుణం అదే.

నన్ను కాపాడింది ఖాతా తెరిచిన కొత్తలో కాగితం మీద రాసి పుస్తకాల అరలో పెట్టి మరిచిపోయిన పన్నెండు మాటల పునరుద్ధరణ పదబంధం. వాటిని వరసగా కొట్టగానే నిమిషాల్లో పాత ఉత్తరాలన్నీ మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టాయి. ఆ కాగితం లేకపోతే అప్పటివరకు వచ్చిన ఉత్తరాలన్నిటికీ నీళ్లు వదులుకోవలసిందే. కాబట్టి ఈ సేవలో చేరేవారు రంగులూ థీమ్‌లూ చూసుకోకముందే సెట్టింగుల్లోని పునరుద్ధరణ పేజీకి వెళ్లి ఆ పన్నెండు మాటలను రాసుకోవాలి. రాసుకున్నదాన్ని ఆ మెయిల్ పెట్టెలోనే ఒక ఉత్తరంగా దాచుకోకూడదు. తాళంచెవిని ఇంట్లోనే ఉంచి బయటినుంచి తలుపు వేసుకునేవారు ఎక్కడో ఉంటారనుకుంటాము గానీ, నాకు తెలిసినవారిలోనే ఇద్దరున్నారు. పెద్ద కంపెనీల సేవల్లో పాస్‌వర్డు మరిచిపోవడం చిన్న అసౌకర్యం, ఇక్కడ అది ప్రమాదం. ఇంట్లో పెద్దవారికి ఈ ఖాతా పెట్టివ్వాలనుకునేవారు ముందు ఈ సంగతిని ఆలోచించుకోవాలి.

మారే పనిలో రెండు భాగాలున్నాయి. మొదటిది ఉత్తరాలను తరలించడం. ఈజీ స్విచ్ అనే ఏర్పాటుకు పాత ఖాతాలోకి అనుమతి ఇస్తే అది ఉత్తరాలను, కాంటాక్టులను, క్యాలెండరును తనంతట తానే తెచ్చుకుంటుంది, నా విషయంలో ఒక రాత్రి మొదలుపెడితే మరునాటి సాయంత్రానికి ముగిసింది. పాత చిరునామాకు కొత్తగా వచ్చేవి ఇటు మళ్లేలా ఫార్వర్డ్ పెట్టడం కూడా కష్టమేమీ కాదు. అసలు శ్రమ రెండో భాగంలో ఉంది. 180 ఖాతాల్లో ఒక్కొక్కదానిలోకి వెళ్లి చిరునామా మార్చాలి. కొన్నింటిలో అది ఒక నిమిషపు పని. మరికొన్నింటిలో పాత చిరునామాకు ఒక ఓటీపీ, కొత్తదానికి ఒక ఓటీపీ, ఫోనుకు మరొకటి. ఒక సంస్థ వారు చిరునామా మార్చాలంటే సంతకం చేసిన కాగితం పంపమన్నారు. మరో సైటు ఫారంలో కొత్త చిరునామా కొట్టగానే ‘సరైన ఈమెయిల్ ఇవ్వండి’ అని ఎర్ర అక్షరాలు ప్రత్యక్షమయ్యాయి. ఈమెయిల్ అంటే నాలుగైదు పెద్ద కంపెనీల పేర్లే అని ఆ ఫారం రాసిన వ్యక్తి నిశ్చయించుకున్నట్లుంది. వారాంతానికి పదేసి చొప్పున చేసుకుంటూ పోతే, మధ్యలో విసుగుపుట్టి వదిలేసిన నెలలతో కలిపి, ఏడాది పట్టింది.

ఆ ఏడాది శ్రమను ఒక్కసారే పడాలంటే సొంత డొమైన్ ఉండాలి. ఈ సమీక్షలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదొక్కటే. ప్రోటాన్ ఇచ్చే చిరునామాకు మారితే కంపెనీ మారుతుంది గానీ పరాధీనత అలాగే ఉంటుంది. నా పేరుతో కొనుక్కున్న డొమైన్ మీద చిరునామా పెట్టుకుని దానికి వచ్చే ఉత్తరాలను ప్రోటాన్‌లో అందుకుంటే, రేపు ప్రోటాన్ నచ్చకపోయినా, మూతపడినా, డొమైన్ సెట్టింగుల్లో నాలుగు పంక్తులు మార్చి మరో సేవకు వెళ్లిపోవచ్చు. నాకు రాసేవారికి ఆ సంగతి తెలియవలసిన అవసరం కూడా ఉండదు. సందేశాల యాప్ మారాలంటే మన బంధుమిత్రులందరినీ బతిమాలి వెంట తీసుకువెళ్లాలి. ఈమెయిల్‌కు ఆ బాధ లేదు, ఎందుకంటే అది ఒక సర్వరు నుంచి మరో సర్వరుకు ఉత్తరాలు చేరవేసే 1982 నాటి ఎస్‌ఎమ్‌టీపీ నియమాల మీద నడిచే, ఎవరి సొత్తూ కాని వ్యవస్థ. ఆ వరాన్ని పూర్తిగా వాడుకోగలిగేది డొమైన్ ఉన్నవారే. ప్రోటాన్‌లో ఈ సౌకర్యం ఉచిత ఖాతాకు లేదు, చందా కట్టాలి. చందా కట్టడానికి నా దృష్టిలో ఇదే మొదటి కారణం, చోటు పెరగడం రెండోది.

డొమైన్‌ను అమర్చడం ఒక గంట పని. ఉత్తరాలు ఏ సర్వరుకు వెళ్లాలో చెప్పే ఎమ్‌ఎక్స్ పద్దు, మన తరఫున పంపే అధికారం ఎవరికుందో చెప్పే ఎస్‌పీఎఫ్, ఉత్తరం మీద సంతకం వంటి డీకిమ్‌కు మూడు పద్దులు, ఆ రెండూ సరిపోకపోతే ఏం చేయాలో చెప్పే డీమార్క్, వీటిని ప్రోటాన్ చూపిన చోటి నుంచి నకలు తీసి డొమైన్ అమ్మినవారి పేజీలో అతికించాలి. నేను డీకిమ్ పద్దుల్లో ఒకదాని చివర అక్షరం వదిలేశాను. పది రోజుల పాటు నా ఉత్తరాలు కొందరి స్పామ్ పెట్టెలో పడ్డాయి, ఒక ఉద్యోగ దరఖాస్తు వాటిలో ఉంది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పెద్ద ఎత్తున ఉత్తరాలు పంపేవారికి ఈ సంతకాలన్నిటినీ తప్పనిసరి చేశాయి. వేలల్లో పంపని మనలాంటివారికి ఆ నిబంధన పూర్తిగా వర్తించకపోయినా, గాలి అటే వీస్తోంది కాబట్టి అమరిక పూర్తయ్యాక పచ్చ గుర్తులన్నీ వచ్చాయో లేదో చూసుకోవాలి. రెండు హెచ్చరికలు కూడా చేయాలి. డొమైన్ కూడా శాశ్వతం కాదు, ఏటేటా పునరుద్ధరించుకోవాలి. మరిచిపోతే దాన్ని కొనుక్కున్న అపరిచితుడికి మన ఉత్తరాలు, మన పాస్‌వర్డు లింకులు చేరతాయి. అలాగే డొమైన్ అమ్మిన సంస్థలో మన ఖాతాకు అదే డొమైన్ మీది చిరునామాను ఇవ్వకూడదు, ఎందుకంటే డొమైన్‌లో సమస్య వచ్చిన రోజున దాని గురించిన హెచ్చరిక కూడా అందదు.

రోజువారీ వాడకం గురించి చెప్పవలసింది తక్కువే. వెబ్‌సైటూ, ఫోను యాప్‌లూ శుభ్రంగా ఉన్నాయి, ప్రకటనలు లేవు, లేబుళ్లు, ఫోల్డర్లు, ఫిల్టర్లు అన్నీ ఉన్నాయి. ఉత్తరం తెరిచామా లేదా అని పంపినవారికి చేరవేసే కనిపించని బొమ్మలను అది ఆపేస్తుంది, ఎన్ని ఆపిందో లెక్క కూడా చూపిస్తుంది. మొదటి వారం ఆ లెక్కను చూసి ఆశ్చర్యపోయాను, తర్వాత చూడటం మానేశాను.

ఇబ్బంది అంతా వెతుకులాటలో ఉంది. ఉత్తరాలను సర్వరు చదవలేదు కనుక వాటిలోని మాటను అది వెతికిపెట్టలేదు. వెబ్‌లో విషయం లోపల వెతకాలంటే ముందుగా ఆ సౌకర్యాన్ని ఆన్ చేసి, ఉత్తరాలన్నిటినీ బ్రౌజరులోకి దింపించి సూచిక కట్టించుకోవాలి. పెద్ద పెట్టె ఉన్నవారికి దానికి సమయం పడుతుంది, బ్రౌజరులోని దత్తాంశాన్ని తుడిచేస్తే మళ్లీ మొదటికి వస్తుంది. పదేళ్ల కిందటి ఉత్తరాన్ని ఒక అస్పష్టమైన మాటతో అరక్షణంలో పట్టుకునే భోగానికి అలవాటుపడినవారు ఈ తేడాను ప్రతి వారం గుర్తు చేసుకుంటారు. థండర్‌బర్డ్, ఔట్‌లుక్ వంటి ప్రోగ్రాముల్లో చదువుకోవాలనుకుంటే కంప్యూటరులో బ్రిడ్జ్ అనే మరో ప్రోగ్రామును నడపాలి. అది తాళాలు తీసి వాటికి ఉత్తరాలు అందిస్తుంది. చందాదారులకే దొరుకుతుంది, ఫోనుకు లేదు, అంటే ఫోనులో వారి యాప్ తప్ప వేరే గతి లేదు. నేను చివరికి థండర్‌బర్డ్‌లో బ్రిడ్జ్ పెట్టుకుని, వెతుకులాటంతా అక్కడే చేస్తున్నాను. దానివల్ల ఉత్తరాలన్నిటి ప్రతి నా కంప్యూటరులో కూడా ఉంటుంది, ఆ కంప్యూటరు డిస్కుకు తాళం వేయడం నా బాధ్యత అయింది. ఒక చోట తాళం బిగించినకొద్దీ మరో చోట తలుపు గుర్తుకు వస్తూనే ఉంటుంది.

నేను ఊహించనంతగా నచ్చినది మారుపేరు చిరునామాల ఏర్పాటు. 2022లో ప్రోటాన్‌లో చేరిన సింపుల్‌లాగిన్ దీనికి మూలం. ఏదైనా సైటులో చేరవలసి వచ్చినప్పుడు అక్కడికక్కడ ఒక కల్పిత చిరునామా పుట్టించి ఇస్తాను, దానికి వచ్చినవి నా పెట్టెకే చేరతాయి, విసుగొస్తే ఆ ఒక్క చిరునామాను ఆపేస్తాను. ఒక్క సైటుకు మాత్రమే ఇచ్చిన మారుపేరుకు, ఎన్నడూ వినని మూడు కంపెనీల నుంచి ఉత్తరాలు రావడం మొదలైనప్పుడు, నా చిరునామా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో మొదటిసారి నాకు రుజువుతో సహా కనిపించింది. గోప్యత అన్న మాట ఎన్‌క్రిప్షన్ వల్ల కన్నా దీనివల్లే నాకు రోజువారీ అనుభవంలోకి వచ్చింది. అయితే బ్యాంకులకూ, ప్రభుత్వ సేవలకూ మారుపేర్లు ఇవ్వకపోవడం మేలు. సహాయ కేంద్రానికి ఫోను చేసి ‘మీ మెయిల్ చెప్పండి’ అంటే అర్థం లేని ఆ అక్షరాలను ఒక్కొక్కటిగా చదివి వినిపించవలసి వస్తుంది.

ఉచిత ఖాతాతో సరిపెట్టుకోవచ్చా అని అడిగేవారికి, 1 గిగాబైటు చోటు, రోజుకు 150 ఉత్తరాలు పంపే పరిమితి ఉన్న ఆ ఖాతా ఉత్తరాలు తక్కువగా వచ్చేవారికి సరిపోతుందనే చెబుతాను. కానీ అందులో డొమైన్ లేదు, బ్రిడ్జ్ లేదు. ఏడాది పాటు అటు తొంగిచూడకపోతే దాన్ని తొలగించే నిబంధన కూడా ఉంది. రుచి చూడటానికి అది చాలు, కాపురం పెట్టడానికి చందా ఖాతానే కావాలి. పాస్‌వర్డులను క్రమంగా దాచుకునే అలవాటు లేనివారికి, ఉత్తరాలను తరచూ లోతుగా వెతికే వృత్తిలో ఉన్నవారికి, ఆఫీసు పనంతా ఒకే కంపెనీ క్యాలెండరు, పత్రాలు, సమావేశాలతో అల్లుకుపోయినవారికి నేను దీన్ని సిఫారసు చేయను. మిగిలినవారు కూడా డొమైన్ కొనుక్కున్న తర్వాతే మారాలని నా సలహా.

పాత ఖాతాను మాత్రం మూసేయలేదు. యాహూ 2013లో ఏడాదిగా వాడకంలో లేని చిరునామాలను కొత్తవారికి కేటాయించడం మొదలుపెట్టినప్పటి నుంచి, వదిలేసిన చిరునామా ఎవరి చేతికి చిక్కుతుందో అన్న అనుమానం నన్ను విడవలేదు. గూగుల్ తాను తొలగించిన చిరునామాను మరొకరికి ఇవ్వనని చెబుతుంది గానీ, రెండేళ్లు వాడని ఖాతాలను 2023 డిసెంబరు నుంచి తొలగిస్తోంది. అందుకని ఆరు నెలలకోసారి అందులోకి వెళ్లి రావాలని ప్రోటాన్ క్యాలెండరులో గుర్తు పెట్టుకున్నాను. పోయినసారి వెళ్లినప్పుడు మూడు ఉత్తరాలు ఎదురుచూస్తున్నాయి: రెండు ప్రకటనలు, ఒకటి నా కొత్త చిరునామాను ఇప్పటికీ ఒప్పుకోని ఆ ఎర్ర అక్షరాల సైటు నుంచి.